లెక్కలంటే భయం, లెక్కల్లో మార్కులు

అంకెలతో పని పడగానే మనసు బిగుసుకుపోయి, చేయవలసిన లెక్కకే అడ్డం వచ్చేంత కంగారు కలగడాన్ని లెక్కల భయం అంటారు. విద్యా మనస్తత్వ శాస్త్రంలో దీనికి గణిత ఆందోళన అని పేరు. లెక్కలు రాకపోవడం, లెక్కలు ఇష్టం లేకపోవడం, లెక్కలంటే భయపడటం మూడు వేర్వేరు సంగతులు. ఇవి తరచు ఒకే పిల్లవాడిలో కనబడతాయి కాబట్టి ఇళ్లలోనూ బళ్లలోనూ మూడింటినీ కలిపి "వీడికి లెక్కలు రావు" అని తేల్చేస్తుంటారు. బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క పట్టుకున్న చెయ్యి వణకడం, గుండె దడ, చెమట, నిన్న రాత్రి తప్పు లేకుండా చేసిన లెక్కే ప్రశ్నపత్రంలో కొత్తగా కనబడటం ఈ భయానికి పైకి తెలిసే గుర్తులు. లెక్క మొదలుపెట్టకముందే "ఇది నావల్ల కాదు" అనిపించడం లోపలి గుర్తు.

పరీక్ష భయానికీ దీనికీ చుట్టరికం ఉంది గానీ రెండూ ఒకటి కావు. పరీక్ష భయం ఉన్నవాళ్లకు సాంఘిక శాస్త్రం పేపరైనా తెలుగు పేపరైనా ఒకటే కంగారు. లెక్కల భయం ఉన్నవాళ్లలో కొందరు మిగతా పేపర్లు హాయిగా రాస్తారు. అంతేకాదు, పరీక్ష లేని చోట కూడా ఈ భయం వెంటాడుతుంది. దుకాణంలో చిల్లర లెక్క చూసుకోవలసి వచ్చినా, నలుగురిలో శాతం ఎంతో చెప్పమన్నా బయటపడుతుంది.

ఈ విషయం పరిశోధకుల దృష్టికి వచ్చి ఏడు దశాబ్దాలు దాటింది. 1954లో మేరీ ఫైడెస్ గఫ్ అనే అమెరికన్ ఉపాధ్యాయురాలు విద్యార్థులు లెక్కల్లో ఎందుకు తప్పుతున్నారన్న ప్రశ్నకు జవాబుగా 'మేథమాఫోబియా' అన్న మాట వాడారు. 1957లో రాల్ఫ్ డ్రెగర్, లూయిస్ ఐకెన్ కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో అంకెల పట్ల ఆందోళన మామూలు ఆందోళనకు భిన్నమైనదని, తెలివితేటలతో దానికి సంబంధం లేదని, అది ఎక్కువగా ఉన్నవాళ్లకు లెక్కల్లో మార్కులు తగ్గుతున్నాయని ప్రతిపాదించారు. ఇప్పటికీ చర్చ ఈ మూడు మాటల చుట్టూనే తిరుగుతోంది. 1972లో ఫ్రాంక్ రిచర్డ్‌సన్, రిచర్డ్ సూయిన్ 98 అంశాలతో ఒక కొలమానం తయారుచేశారు. రోజువారీ జీవితంలోనూ తరగతిలోనూ అంకెలు ఎదురయ్యే సందర్భాలను ఒక్కొక్కటిగా చెప్పి, ఒక్కో సందర్భంలో ఎంత కంగారు పడతారో అడగడం దాని పద్ధతి. 2003లో డెరెక్ హాప్కో బృందం 9 అంశాలకు కుదించిన రూపం ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. ఈ కొలమానాలన్నింటికీ ఒక పరిమితి ఉంది. పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్నదే ఇక్కడ ఆధారం. భయాన్ని ఒప్పుకోవడం చిన్నతనంగా భావించే పిల్లలు తక్కువ చేసి చెబుతారు.

భయానికీ మార్కులకూ సంబంధం ఎంత? విడివిడి అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టిన విశ్లేషణలు దీనికి చాలావరకు ఒకే జవాబు ఇచ్చాయి. 1990లో రే హెంబ్రీ 151 అధ్యయనాలను పరిశీలించి, బడి పిల్లల్లో రెండింటి మధ్య సహసంబంధం మైనస్ 0.34 అని తేల్చారు. 1999లో షిన్ మా 26 అధ్యయనాలతో మైనస్ 0.27 దగ్గర ఆగారు. 2019లో జెస్సికా నామ్‌కుంగ్ బృందం 131 అధ్యయనాల నుంచి మైనస్ 0.34, 2021లో కొన్నీ బరోసో బృందం 223 అధ్యయనాల నుంచి మైనస్ 0.28 తీశాయి. మైనస్ గుర్తుకు అర్థం భయం పెరిగినకొద్దీ మార్కులు తగ్గుతాయని. సున్నాకు దగ్గరగా ఉంటే సంబంధం లేనట్టు, మైనస్ ఒకటికి దగ్గరైతే పూర్తిగా ముడిపడినట్టు. ఇక్కడున్నది మధ్యస్థమైన సంబంధం. పిల్లల మార్కుల మధ్య కనిపించే తేడాల్లో ఏడు నుంచి పన్నెండు శాతం వరకు మాత్రమే ఈ భయంతో పాటు కదులుతుంది. అంతమాత్రాన తీసిపారేయడానికి లేదు. దేశం మారినా, వయసు మారినా, మూడు దశాబ్దాలు గడిచినా ఈ అంకె దాదాపు అక్కడే నిలబడటం దాని నిజాన్ని చెబుతోంది. అదే సమయంలో, భయం పోతే చాలు మార్కులు వాటంతటవే వస్తాయని చెప్పేవాళ్లకు ఈ అంకెలో ఆధారం దొరకదు.

నామ్‌కుంగ్ బృందం గమనించిన మరో సంగతి ఉపాధ్యాయులకు పనికొస్తుంది. చిన్న కూడికలు, తీసివేతల కంటే పలు మెట్లున్న లెక్కల్లో ఈ సంబంధం బలంగా ఉంది. వచ్చిన మార్కులు గ్రేడు మీద ప్రభావం చూపే పరీక్షల్లోనూ అంతే.

ఏది ముందు అన్నది ఈ రంగంలో అసలు వివాదం. లెక్కలు రాక దెబ్బతిన్న పిల్లవాడికి భయం పుడుతుందని ఒక వాదం. భయం వల్లే వచ్చిన లెక్క కూడా చేయలేకపోతున్నాడని ఇంకో వాదం. మొదటి వాదానికి గట్టి సాక్ష్యం 2004లో వచ్చింది. షిన్ మా, జియాంగ్‌మింగ్ షూ అమెరికాలో హైస్కూలు పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించిన సమాచారాన్ని పరిశీలిస్తే, ముందు ఏడాది తక్కువ మార్కులు తరవాతి ఏడాది భయాన్ని సూచించినంతగా, ముందు ఏడాది భయం తరవాతి మార్కులను సూచించలేదు. ఎరిన్ మలోనీ, డేనియల్ అన్సారీ తదితరుల ప్రయోగాలు దీనికి ఇంకా లోతైన మూలం చూపించాయి. భయం ఎక్కువున్న పెద్దవాళ్లు రెండు అంకెల్లో ఏది పెద్దదో చెప్పడంలోనూ, తెర మీది వస్తువులను లెక్కపెట్టడంలోనూ కూడా వెనకబడుతున్నారు. సంఖ్యా జ్ఞానానికి పునాది లాంటి పనుల్లోనే లోటు ఉంటే, పై తరగతుల్లో భయం ఎక్కడి నుంచి మొదలైందో ఊహించడం కష్టం కాదు.

రెండో వాదానికి బలం ప్రయోగశాలల నుంచి వచ్చింది. భయం పెంచే పరిస్థితి కల్పిస్తే అదే మనిషి అదే లెక్కను తప్పు చేస్తాడు. ఆ పరిస్థితి తీసేస్తే ఒప్పు చేస్తాడు. రాకపోవడమే అసలు కారణమైతే ఇలా జరగకూడదు. 2018లో ఎలిజబెత్ గండర్సన్ బృందం ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఒకే విద్యా సంవత్సరంలో రెండుసార్లు పరీక్షించి, రెండు దిశల్లోనూ ప్రభావం ఉందని చూపించింది. పరస్పర ప్రభావమన్న ఈ మూడో దృష్టే ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నది. రాకపోవడం భయాన్ని పెంచుతుంది, భయం అభ్యాసాన్ని తగ్గిస్తుంది, అభ్యాసం తగ్గితే మళ్లీ రాకుండా పోతుంది. ఈ చక్రం ఎక్కడ మొదలైందన్నది ఒక్కో పిల్లవాడికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అందరికీ ఒకే మందు పనిచేయకపోవడంలో ఆశ్చర్యం లేదు.

భయం లెక్కను ఎలా చెడగొడుతుందో వివరించిన పరిశోధన ఈ మొత్తం రంగంలోకెల్లా విలువైనది. నోటిలెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన విలువలను కాసేపు మనసులో పట్టి ఉంచుకోవాలి. 47కు 38 కలపాలంటే ఏడూ ఎనిమిదీ పదిహేను, అందులో ఐదును ఒకచోట ఉంచి, ఒకటిని పదుల స్థానానికి చేర్చాలి. ఇలా పట్టి ఉంచి పని నడిపే జ్ఞాపకాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. దాని పరిమాణం చాలా తక్కువ. "తప్పు చేస్తానేమో, అందరూ నవ్వుతారేమో" అన్న ఆలోచనలూ అక్కడే చోటు తీసుకుంటాయి. 2001లో మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ దీన్ని ప్రయోగంలో చూపారు. కొన్ని అక్షరాలు గుర్తుపెట్టుకుంటూ కూడికలు చేయమన్నారు. రెండు అక్షరాలే అయినప్పుడు పెద్ద తేడా లేదు. ఆరు అక్షరాలు గుర్తుంచుకుంటూ, పక్క స్థానానికి ఒకటి చేర్చవలసిన కూడికలు చేయాల్సి వచ్చేసరికి భయం ఎక్కువున్నవాళ్ల తప్పులు మిగతావాళ్ల కంటే బాగా పెరిగాయి. అంతకు ముందు 1996లో ఆష్‌క్రాఫ్ట్ సహచరులతో చేసిన అధ్యయనంలో ఇలాంటి లెక్కలనే గడియారం ఒత్తిడి లేకుండా కాగితం మీద చేయనిస్తే ఆ తేడా కనబడలేదు. లెక్క వాళ్లకు వచ్చు. వచ్చిన లెక్కను ఆ నిమిషంలో నడపడానికి కావలసిన చోటే దొరకలేదు.

దీని నుంచి ఊహించని ఫలితం ఒకటి బయటపడింది. భయం వల్ల ఎక్కువ నష్టపోయేది మందమతులని పేరుపడ్డ పిల్లలు కారు. 2013లో జెరార్డో రామిరెజ్, షాన్ బైలాక్ తదితరులు ఒకటి, రెండు తరగతుల పిల్లలను పరిశీలించగా, వర్కింగ్ మెమరీ ఎక్కువున్న పిల్లల్లోనే భయానికీ తక్కువ ఫలితానికీ ముడి కనిపించింది. వేళ్లు లెక్కపెట్టుకునే పిల్లవాడికి జ్ఞాపకం మీద భారం తక్కువ, కాబట్టి భయపడినా పోయేది తక్కువ. మనసులోనే మెట్టు మీద మెట్టు కట్టే తెలివైన పిల్లల పద్ధతి జ్ఞాపకం మీదే ఆధారపడుతుంది. భయం ఆ జ్ఞాపకాన్నే కొల్లగొడుతుంది.

మెదడు చిత్రాలు ఈ వివరణకు తోడు వచ్చాయి. 2012లో స్టాన్‌ఫర్డ్‌లో వినోద్ మీనన్ బృందం 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు లెక్కలు చేస్తుండగా స్కాన్ చేసింది. భయం ఎక్కువున్న పిల్లల్లో ప్రతికూల భావోద్వేగాలకు స్పందించే అమిగ్డలా భాగం ఎక్కువ చురుగ్గా, లెక్కకు కావలసిన భాగాలు తక్కువ చురుగ్గా కనిపించాయి. అదే ఏడాది ఇయాన్ లయన్స్, బైలాక్ పెద్దవాళ్లలో చూసినది మరీ ఆలోచింపజేసేది. శరీరానికి నొప్పి కలిగినప్పుడు స్పందించే ప్రాంతాలు లెక్క రాబోతోందని తెలిసిన క్షణంలో స్పందించాయి. లెక్క చేస్తున్నప్పుడు అలా జరగలేదు. బాధ ఎదురుచూపులోనే ఉంది. పిల్లలు హోంవర్కు రేపటికి, ఎల్లుండికి ఎందుకు నెడతారో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

తప్పించుకోవడమే ఈ భయం చేసే దీర్ఘకాలిక నష్టం. ఆష్‌క్రాఫ్ట్ తొలి ప్రయోగాల్లోనే ఒక వింత కనబడింది: భయం ఎక్కువున్నవాళ్లలో కొందరు కష్టమైన లెక్కలను అతి వేగంగా ముగించి ఎక్కువ తప్పులు చేశారు. ఆ బాధ నుంచి త్వరగా బయటపడాలన్న తొందర అది. ఉపాధ్యాయుడికి అది నిర్లక్ష్యంగా కనబడుతుంది. అలాంటి పిల్లవాణ్ని సోమరి అని తిట్టడం ఉన్న భయానికి అవమానాన్ని జోడించడమే. పెద్ద తరగతులకు వచ్చేసరికి తప్పించుకోవడం కోర్సు ఎంపికలో కనబడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి తరవాత ఎంపీసీ వద్దనుకుని బైపీసీకో సీఈసీకో వెళ్లేవాళ్లలో జీవశాస్త్రం మీదో వాణిజ్యం మీదో ఇష్టంతో వెళ్లేవాళ్లూ ఉంటారు, లెక్కల నుంచి పారిపోయి వెళ్లేవాళ్లూ ఉంటారు. రెండో రకం ఎంపిక పదిహేనేళ్ల వయసులో భయం చేసిన నిర్ణయం. దాని పర్యవసానం జీవితమంతా ఉంటుంది.

భయపడేవాళ్లంతా తక్కువ మార్కులవాళ్లే అన్న నమ్మకాన్ని 2018లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఒక అధ్యయనం గట్టిగా కదిలించింది. కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏమీ డివైన్, డెనెస్ స్యూచ్ బృందం ప్రాథమిక, ఉన్నత పాఠశాలల పిల్లలు 1,757 మందిని పరీక్షించింది. లెక్కల భయం తీవ్రంగా ఉన్న పిల్లల్లో 77 శాతం మంది మార్కులు మామూలు స్థాయిలో గానీ అంతకంటే పైన గానీ ఉన్నాయి. అంకెల జ్ఞానంలోనే లోపం ఉన్న డిస్‌కాల్కులియా పిల్లల్లో భయం పాలు ఎక్కువే అయినా, మొత్తం భయస్థుల్లో వాళ్లు కొద్దిమందే. అంటే మార్కుల రిజిస్టరు చూసి భయపడే పిల్లలను గుర్తించబోతే నలుగురిలో ముగ్గురు కంటికి ఆనరు.

ఆడపిల్లల విషయం జాగ్రత్తగా చూడవలసినది. అనేక దేశాల్లో ఆడపిల్లలు మగపిల్లల కంటే ఎక్కువ భయం ఉందని చెబుతారు, మార్కుల్లో మాత్రం ఆ స్థాయి తేడా ఉండదు. 2013లో థామస్ గోట్జ్ బృందం ఒక తెలివైన పని చేసింది. మామూలుగా ఎంత భయపడతారని అడగడంతో పాటు, పాఠం జరుగుతుండగా, పరీక్ష రాస్తుండగా అక్కడికక్కడే అడిగింది. మొదటి ప్రశ్నకు ఆడపిల్లల భయం ఎక్కువ వచ్చింది, రెండో దానికి తేడా లేదు. ఆడపిల్లలకు లెక్కలు రావన్న మాట చుట్టూ వినబడుతుంటే, తమకు లేని భయాన్ని కూడా వాళ్లు తమదిగా చెప్పుకుంటున్నారన్నమాట.

ఆ మాట ఎక్కడి నుంచి చేరుతుంది? 2010లో బైలాక్ బృందం అమెరికాలో ఒకటి, రెండు తరగతులకు చెప్పే 17 మంది ఉపాధ్యాయినులను, వాళ్ల విద్యార్థులను ఏడాదిపాటు గమనించింది. లెక్కలంటే భయమున్న టీచర్ల తరగతుల్లో ఏడాది చివరికి ఆడపిల్లల్లో కొందరు "మగపిల్లలకు లెక్కలు, ఆడపిల్లలకు చదవడం" అన్న భావనకు వచ్చారు, వాళ్ల లెక్కల మార్కులు తగ్గాయి. మగపిల్లల మీద ఆ ప్రభావం పడలేదు. సంఖ్య చిన్నదే అయినా హెచ్చరిక పెద్దది. 2015లో మలోనీ బృందం తల్లిదండ్రుల వైపు చూసింది. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుని తరచు హోంవర్కు చేయిస్తే, ఆ పిల్లలు ఏడాదిలో తక్కువ నేర్చుకున్నారు, ఎక్కువ భయం తెచ్చుకున్నారు. వారసత్వానికి కూడా పాత్ర ఉంది. 2014లో కవలల మీద జరిగిన అధ్యయనం తేడాల్లో సుమారు 40 శాతానికి జన్యు కారణాలను చూపింది. మిగతా అంతా పరిసరాల చేతుల్లో ఉంది.

దేశాల మధ్య పోలిక ఈ చిత్రాన్ని మరింత చిక్కగా చేస్తుంది. పిల్లల చదువును దేశాల మధ్య పోల్చే పీసా సర్వేలో 2012లో అభివృద్ధి చెందిన దేశాల 15 ఏళ్ల పిల్లల్లో సుమారు 30 శాతం మంది లెక్క చేస్తుంటే నిస్సహాయంగా అనిపిస్తుందన్నారు. ఒక దేశం లోపల చూస్తే భయం ఎక్కువున్నవాళ్ల మార్కులు తక్కువే. దేశాలను పక్కపక్కన పెడితే ఆ సూత్రం తప్పుతుంది. జపాన్, కొరియా పిల్లలు మార్కుల్లో ముందుంటారు, భయంలోనూ ముందుంటారు. ఫిన్లాండ్, నెదర్లాండ్స్ పిల్లలు తక్కువ భయంతోనే మంచి మార్కులు తెచ్చుకున్నారు. మంచి ఫలితానికి భయం అవసరం లేదనడానికి ఇంతకంటే తేలికైన రుజువు అక్కర్లేదు.

భారతదేశంలో ఈ సమస్యను అధికారికంగా గుర్తించిన ముఖ్య పత్రం 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం ఆర్. రామానుజం అధ్యక్షతన గణిత బోధనపై ఏర్పడిన బృందం ఇచ్చిన నివేదిక. బడి గణితంలోని ప్రధాన సమస్యల్లో మొదటిదిగా అది చెప్పింది ఎక్కువమంది పిల్లల్లో ఉన్న భయాన్ని, ఓటమి భావాన్ని. 2020 మార్చి పరీక్షల నుంచి సీబీఎస్ఈ పదో తరగతి లెక్కల్ని స్టాండర్డ్, బేసిక్ అని రెండు స్థాయిల్లో నిర్వహిస్తోంది. ఒత్తిడి తగ్గించడంలో ఇది నిజంగా ఉపయోగపడే చర్యే. అయితే అది భయం పూర్తిగా ముదిరిన వయసులో అందుతున్న ఉపశమనం. పునాది సంగతి వేరు. గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు బడి పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం 30.7 శాతం మాత్రమే. భాగహారం రాకుండా ఆరులోకి, భిన్నాలు రాకుండా ఎనిమిదిలోకి వెళ్లిన పిల్లవాడు బీజగణితం చూసి భయపడటం జబ్బు కాదు, న్యాయమైన స్పందన. అక్కడ భయానికి చికిత్స కన్నా భాగహారం నేర్పడం ముందు జరగాలి.

ఇంకో కొసన పోటీ పరీక్షల ఒత్తిడి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. ఒక్కో ప్రశ్నకు సగటున 67.5 సెకన్లు. గడియారం ఒత్తిడి వర్కింగ్ మెమరీని ఎలా దెబ్బతీస్తుందో తెలిశాక, ఇలాంటి పరీక్ష గణిత శక్తితో పాటు కంగారుపడని గుణాన్నీ కొలుస్తోందని ఒప్పుకోక తప్పదు. ప్రవేశ పరీక్షకు ఆ రూపం అనివార్యం అనుకున్నా, దాని వారాంతపు నకళ్లను, ర్యాంకుల జాబితాలను ఆరో తరగతి దాకా దించడానికి ఏ సమర్థనా లేదు.

నివారణ మార్గాల్లో అన్నింటికీ ఒకే బలం లేదు. హెంబ్రీ విశ్లేషణలో భయం కలిగించే సందర్భాలను కొద్దికొద్దిగా అలవాటు చేసే మానసిక చికిత్స బాగా పనిచేసింది. భయం తగ్గడమే కాదు, అదనంగా లెక్కలు నేర్పకపోయినా మార్కులు పెరిగాయి. తరగతి మొత్తానికి బోధనా పద్ధతి మార్చడం వల్ల భయం అంతగా తగ్గలేదు. 2015లో మీనన్ బృందం మూడో తరగతి పిల్లలకు ఎనిమిది వారాలపాటు ఒక్కొక్కరికి విడిగా పాఠం చెప్పించింది. భయం ఎక్కువున్న పిల్లల్లో అది తగ్గింది, అమిగ్డలా అతిచురుకుదనమూ తగ్గింది. లెక్కలు నేర్పడమే భయానికి మందుగా పనిచేసిన అరుదైన, ఆశాజనకమైన ఫలితమిది. పరీక్షకు ముందు కొద్ది నిమిషాలు తమ కంగారును కాగితం మీద రాసుకోవడం కొన్ని అధ్యయనాల్లో మేలు చేసింది. ఖర్చు లేనిది కాబట్టి ప్రయత్నించవచ్చు గానీ దాని మీదే ఆశ పెట్టుకోకూడదు. గుండె వేగంగా కొట్టుకోవడం శరీరం సిద్ధమవుతున్న సూచన అని పిల్లలకు చెప్పడం కూడా ఇదే కోవలోది.

ఎక్కాల మీద చర్చ మన దగ్గర ఎప్పుడూ రెండు వర్గాలుగా చీలుతుంది. బట్టీ వద్దనేవాళ్లు భయాన్ని చూపిస్తారు, కావాలనేవాళ్లు వేగాన్ని చూపిస్తారు. పరిశోధన ఇద్దరికీ సగం సగం మద్దతిస్తుంది. ఏడెనిమిదులు యాభైయారు అని తడుముకోకుండా వచ్చేస్తే వర్కింగ్ మెమరీ మీద భారం తగ్గి, పెద్ద లెక్కకు చోటు మిగులుతుంది. కాబట్టి ఎక్కాలు రావాలి. వాటిని నిలబెట్టి అప్పజెప్పించడం, తప్పితే గోడకుర్చీ వేయించడం మాత్రం అదే చోటును భయంతో నింపుతుంది. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. నలుగురి ముందు లెక్క రాలేదని హేళన చేయడం ఆ నిషేధం కిందికే వస్తుందని బళ్లు గుర్తించాలి.

ఇంటి విషయంలో 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన షికాగో అధ్యయనం దారి చూపుతోంది. 587 మంది ఒకటో తరగతి పిల్లల కుటుంబాల్లో కొందరికి రాత్రి పడుకునే ముందు కథలా చదివి చిన్న లెక్క చేసే యాప్ ఇచ్చారు. వారానికి కొద్దిసార్లు వాడినా పిల్లలు మెరుగుపడ్డారు. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రుల పిల్లలకే ఎక్కువ లాభం కలిగింది. హోంవర్కు దగ్గర నష్టం చేసిన ఇళ్లే, గొడవ లేని చిన్న లెక్క దగ్గర మేలు చేశాయి. కూరగాయల సంచీ, బస్సు చార్జీ, వంటింటి కొలతలు ఈ పనికి ఏ యాప్‌కూ తీసిపోవు.

బళ్లలో ప్రత్యేక తరగతుల జాబితా ఇప్పుడు మార్కులు చూసి తయారవుతోంది. మంచి మార్కులతోనే భయపడుతున్న పిల్లలు ఆ జాబితాకు ఎక్కరు. తెలుగులో పది ప్రశ్నలు మించని చిన్న ప్రశ్నావళిని ఏడాదికి రెండుసార్లు, పేరు బయటపెట్టకుండా నింపించడానికి పావుగంట చాలు. ఆ పని మూడో తరగతి నుంచే మొదలుకావాలి. పదో తరగతి దాకా ఆగితే, ఇంటర్ గ్రూపు ఎంచుకునేది పిల్లలు కాదు, వాళ్ల భయం.